వీపు మరిచిన చెయ్యి

"దీనికి మీ ఇంట్లో ఎవరంటే ఎక్కువ ప్రాణం?"

వకుళ దగ్గరికి వచ్చినవాళ్ళెవరైనా ముందుగా జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే. ఎక్స్‌రేలూ, పాత మందుల చీటీలూ ఆ తర్వాత. కాకినాడలో వాళ్ళింటి ముందు గదులు రెండూ ఆసుపత్రి. నడుం పడిపోయిన కుక్కల్నీ, వెనక కాళ్ళీడ్చుకుంటూ తిరిగే పిల్లుల్నీ తువ్వాళ్ళలో చుట్టి ఆటోల్లో తెచ్చేవాళ్ళు. ఆమె వెన్నుపూసలు ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్ళి, పక్కకి జరిగినదాన్ని ఒక్క ఒత్తుతో చోటికి తెచ్చేది.

"నేనంటేనేనండి. నేను పెడితేగానీ ముద్ద ముట్టదు," అన్నాడు ఆ రోజు లాబ్రడార్‌ని తెచ్చిన కాంట్రాక్టరు.

"అయితే రండి. దాని నడుం మీద చెయ్యేసి కూర్చోండి."

ఆయన చెయ్యేశాడు. కుక్క ఒళ్ళు కర్రలా బిగుసుకునే ఉంది. ఆయన భార్య వేసింది. అదే తంతు. చివరికి గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డ వంటమనిషి సత్తెమ్మని లోపలికి పిలిచారు. ఆవిడ చెంగుకి చెయ్యి తుడుచుకుని భయంభయంగా దాని నడుం మీద పెట్టింది. కుక్క పెద్దగా ఊపిరి వదిలి, తడిబట్టలా ఒళ్ళు పరిచేసింది.

"ఓహో!" అంది కాంట్రాక్టరు భార్య మొగుడి వైపు తిరిగి. "ముద్ద మీ చేతిదీ, మనసు ఈవిడ మీదాను. బాగుంది వరస."

అందరూ నవ్వారు. సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. దాని నడుం మీంచి చూపు తిప్పలేదు.

కుక్క పడుకున్నది బల్ల మీద పరిచిన చాప మీద. ఆ చాపని చేసింది వకుళ భర్త శేఖరం. ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు, ఇంటికొస్తే పెరటి షెడ్డులో సోల్డరింగు వాసనలో కూర్చుంటాడు. ఎముకని చోటికి తేవడం వకుళ చేతిలో పనే. కానీ వారం తిరక్కుండా అది మళ్ళీ పక్కకి జరిగేది. ఏళ్ళ తరబడి వంకరగా నిలబడ్డ ఒంటికి ఆ వంకరే సుఖం. వెన్నుపాము ఆ అలవాటు మరిచిపోదు. కండల్ని లాగి లాగి ఎముకని పాత చోటికే చేరుస్తుంది. ఆ అలవాటుని మరిపించడానికే చాప. దాన్నిండా ఆవగింజలంతేసి పూసలు కుట్టి ఉంటాయి. వకుళ ఎముక సర్ది తన చేతులు తియ్యగానే శేఖరం మీట నొక్కేవాడు. పూసలు ఝుమ్మనేవి. వెన్నుపాములో ఆ కాసేపట్లో మేలుకుని ఉన్న గుర్తుల్ని వెతికి పట్టుకుని తుడిచేసేవి.

చిక్కల్లా ఒకటే. ఒళ్ళు బిగుసుకుని ఉంటే పూసలకి ఏమీ వినపడదు. మత్తిస్తే వెన్నుపామే నిద్రపోతుంది. జంతువు మెలకువగా ఉండాలి, ఒళ్ళు మాత్రం వదిలెయ్యాలి. దానికి ఇష్టమైన మనిషిని పక్కన కూచోబెట్టి వీపు మీద చెయ్యి వేయిస్తే సరి అని కనిపెట్టింది వకుళే. ఇంత సులువైన ఉపాయం మొగుడికి తట్టనందుకూ తనకి తట్టినందుకూ ఆమెకి కాస్త గర్వంగా కూడా ఉండేది.

లాబ్రడార్ లేచి, గదిలో అటూ ఇటూ నడిచి, కాంట్రాక్టరు భార్య చీర కుచ్చిళ్ళలో మూతి దూర్చింది. సత్తెమ్మ కళ్ళొత్తుకుంటూ బయటికెళ్ళి తన చెప్పులు తొడుక్కుంది.

*

మొదటి ఫోను సుభద్ర టీచరు దగ్గర్నించి వచ్చింది. ఆవిడ పిల్లి కాళ్ళు పడిపోయి ఏడాది మంచం కిందే బతికింది.

"నడుస్తోందమ్మా, దివ్యంగా నడుస్తోంది. నడిచి పక్కింటికి వెళ్ళిపోయింది. పిలిస్తే గోడెక్కి చూస్తుందే గానీ దగ్గరికి రాదు."

"కాళ్ళొచ్చాయిగా టీచరుగారూ, ఊరు చూస్తోంది. వస్తుందిలెండి," అని వకుళ నవ్వేసింది.

ఆ తర్వాత ఒకరోజు సత్తెమ్మ వచ్చింది, కుక్క లేకుండా, ఒక్కతే.

"నేను ముట్టుకుంటే కూలబడిపోతందమ్మా అది. ఎనక కాళ్ళు రెండూ చచ్చిపోయినట్టయిపోతన్నాయి. నేనే ఏదో పెట్టేశానని అయ్యగారు పన్లోకి రావొద్దన్నారు. నేనేం పెడతానమ్మా దానికి? మీరొక్క మాట సెప్పండి ఆయనకి."

వకుళ అప్పుడే ఫోను చేసింది. కాంట్రాక్టరు అంతా విని, "ఇప్పుడెందుకండి అవన్నీ, వేరే మనిషిని పెట్టేసుకున్నాం," అన్నాడు.

మర్నాడు టీచరు పిల్లిని పక్కింటావిడ చేత తెప్పించింది వకుళ. బల్ల మీద నిలబెట్టి తను నిమిరితే గుర్రుమంది. శేఖరం నిమిరాడు. పక్కింటావిడ నిమిరింది. తోక నిలబెట్టి అందరి చేతులకీ ఒళ్ళు రుద్దుకుంది. వెంట వచ్చిన సుభద్ర టీచరు చెయ్యి పెట్టగానే వెనక భాగమంతా బియ్యం బస్తాలా జారిపోయింది. చెయ్యి తీస్తే లేచి నిలబడింది.

"ఇంకొక్కసారి పెట్టండి," అన్నాడు శేఖరం.

"వద్దు నాయనా," అంది ఆవిడ. అప్పటికే చేతిని కొంగులో చుట్టేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ బల్లకి చెరోపక్కా కూర్చుండిపోయారు. విడమర్చి చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. మీట నొక్కినప్పుడు వెన్నుపాములో వంకర ఒక్కటే మేలుకుని లేదు. వీపు మీది చేతి వెచ్చదనం ఉంది. దాని బరువు ఉంది. ఆ చెయ్యి తగలగానే ఒళ్ళు వదిలెయ్యడం అనే అలవాటు ఉంది. చాప అన్నిటినీ ఒకే మూట కట్టి అవతల పారేసింది. ఇప్పుడా చెయ్యి తగిలితే వంకరే తిరిగొచ్చిందనుకుని వెన్నుపాము నడుం కిందికి దారులన్నీ మూసేస్తోంది.

"మళ్ళీ అలవాటు చెయ్యలేమా?"

"దేని మీద చేస్తావు? రాయడానికి పలకే మిగల్లేదు వకుళా."

వానాకాలమంతా వేరే దారులు వెతికారు. చేతికి తొడుగు వేసి చూశారు. ఇష్టమైనవాళ్ళు కట్టి విడిచిన చీర కప్పి చూశారు. దూరం నించి పిలిపించి చూశారు. ఒళ్ళు వదిలితే ఆ మనిషి పోయేవారు. మనిషి మిగిలితే ఒళ్ళు వదిలేది కాదు. ఒక పామరేనియన్ కుక్క కొత్త చెయ్యి కింద గింజుకుని గింజుకుని, సర్దిన ఎముక విరిగి బల్ల మీదే పోయింది. ఆ రోజు శేఖరం చాపని చుట్ట చుట్టి షెడ్డులో అటక మీద పెట్టేశాడు. ఇంట్లో మాత్రం మిషను పాడైందని చెప్పాడు.

*

ఇంట్లో అంటే ఆయన అక్క రాజ్యానికి. భర్త పోయాక ఆవిడ తమ్ముడి ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. మాట కాస్త కరుకు. ఎవరి మీదా ఆనకుండా, ఎవరి చేతా పట్టించుకోకుండా తిరిగే మనిషి. జ్వరమొచ్చినప్పుడు ఎవరైనా నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే తల పక్కకి తిప్పేసుకునేది. ఆ ఇంట్లో ఆవిడ ముట్టుకునే ప్రాణి ఒక్క తాండ్రే.

తాండ్ర పొట్టి కాళ్ళ, పొడుగు నడుం కుక్క. మామిడితాండ్ర రంగు, అదే వాటం. ఆ పేరు ఆవిడే పెట్టింది. పొద్దున్న పేపరు చదువుతున్నంతసేపూ ఎడమచెయ్యి దాని వీపు మీద ఉండేది. టీవీ చూస్తున్నా అంతే. కూరలు తరిగేటప్పుడు రెండు చేతులూ కావాలి కాబట్టి పాదం ఆనించి ఉంచేది.

ఒక ఉదయం అది మంచం మీంచి దూకి మరి లేవలేదు.

వకుళ ఎముకని చోటికి తెచ్చింది. రెండు రోజుల్లో జారింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ జారింది. వెనక కాళ్ళు రెండూ చీపురు పుల్లల్లా ఈడుస్తూ తాండ్ర వరండా అంతా తిరిగేది. చర్మం ఒరుసుకుపోయి నేల మీద ఎర్రటి గీత పడేది. రాజ్యం తడిగుడ్డతో ఆ గీతని తుడుస్తూ వెనకే నడిచేది.

"కాలివేలు గిల్లితే తిరిగి చూస్తోంది కదా వదినా. నొప్పి తెలుస్తున్నంతవరకూ ఫరవాలేదు," అంది వకుళ.

"తెలీకుండా పోతే?"

వకుళ వంగి ఇంకో కాలివేలు గిల్లి చూసింది.

"ఆ చాపని బాగుచేయించరాదుట్రా?" అంది రాజ్యం తమ్ముడితో. "ఊళ్ళో కుక్కలన్నిటికీ పనికొచ్చింది. నా దాని వంతుకొచ్చేసరికి పాడైందా?"

షెడ్డులో శేఖరం తల పట్టుకు కూర్చున్నాడు. "నిజం చెప్పేద్దాం."

"చెప్తే వదిన ఏం చేస్తారో తెలీదా మీకు? నడుస్తుందంటే చాలు, వెళ్ళి తన చెయ్యే పెడతారు," అంది వకుళ. అటక మీది చాప వంక చూసి, "నా చెయ్యి పెడతాను," అంది.

"నీ చెయ్యి కింద ఒళ్ళు వదలదుగా."

"వదిలేలా చేసుకుంటాను."

అప్పట్నించి వకుళ తాండ్రని మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టింది. ఉడికించిన గుడ్డు తన చేత్తో పెట్టేది. ఒంటికీ రెంటికీ తనే ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళేది. మధ్యాహ్నాలు ఆసుపత్రి మూసి, దాన్ని పక్కలో వేసుకుని పడుకునేది. పడకగది వాళ్ళది కాబట్టి రాజ్యం లోపలికి వచ్చేది కాదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళే అడుగుల చప్పుడు వినబడేది.

"ఊరి మీద కుక్కలు చాలలేదూ నీకు?" అంది ఒకరోజు అన్నాల దగ్గర.

"అది కాదు వదినా, కాళ్ళకి మర్దనా..."

"మర్దనా గుడ్లు పెట్టి చేస్తారా? నాకు తెలీదులే, నేను ఫోన్లు కలిపినదాన్ని."

"అక్కా," అన్నాడు శేఖరం.

"నువ్వు తిను. నీ పెళ్ళాన్ని నేనేమన్నాను? ఈ ఇంట్లో అన్నీ తనవే. ఇదొక్కటే మిగిలిపోయింది, అదీ సర్దుకుంటోంది."

వకుళ ముద్ద నోట్లో పెట్టుకుని నమల్లేక మింగింది. ఆ సాయంత్రం ఆమె గేటు తీసిన చప్పుడుకి తాండ్ర రాజ్యం కాళ్ళ దగ్గర్నించి తలెత్తి, ముందు కాళ్ళ మీద దేక్కుంటూ ఎదురొచ్చింది. వకుళ గుండె ఎగిసిపడింది. అలా ఎగిసిపడినందుకు సిగ్గేసింది. కుర్చీలో రాజ్యం టీవీ సౌండు పెంచింది.

*

చాప దించిన రోజు ఆదివారం. రాజ్యాన్ని మార్కెట్టుకి పంపాలని చూశారు. ఆవిడ సంచీ తీసుకుని గేటు దాకా వెళ్ళి, శేఖరం చంకలో చాప చూసి వెనక్కి వచ్చింది.

"పాడైందన్నారుగా?"

"బాగుచేశాను. నువ్వు బయటుండక్కా," అన్నాడు.

వకుళ ఎముక సర్దింది. కుడిచెయ్యి నడుం మీద పరిచి కళ్ళు మూసుకుంది. తాండ్ర మెడ వాల్చింది, భుజాలు వదిలేసింది. నడుం దగ్గరికొచ్చేసరికి మాత్రం కండ గట్టిగా నిలబడే ఉంది. వకుళ పేరు పెట్టి పిలిచింది, నిమిరింది, గొణిగింది. ఆ కండ వదల్లేదు.

"ఏమీ వినపడట్లేదు," అన్నాడు శేఖరం చాపకి తగిలించిన చిన్న తెర వంక చూస్తూ.

"నేను పెడతాను," అంది రాజ్యం గుమ్మంలోంచి. "అందరి చేతులూ పెట్టిస్తావుగా? నాది మైలపడిందా?"

వకుళ చెయ్యి తియ్యకుండానే, తల తిప్పకుండానే, అంతా చెప్పేసింది. సత్తెమ్మ సంగతి, టీచరు పిల్లి సంగతి, గుడ్ల సంగతి. చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రాజ్యం చేతిలో ఖాళీ సంచీ మడతపెట్టి కిటికీలో పెట్టింది.

"లాక్కుంటున్నావనుకున్నాను," అంది చివరికి.

"ఇంకొన్నాళ్ళు టైమివ్వండి వదినా. సగం వదిలింది చూడండి. ఇంకొక్క..."

"పొద్దున్న దాని కాలివేలు గిల్లాను వకుళా. రెండు కాళ్ళూ. గోరు దిగేదాకా గిల్లాను. నా వంక చూడలేదు."

తాండ్ర రాజ్యం గొంతు విని చాప మీద తోక మొదలు కదపబోయింది.

"లే అక్కణ్ణించి," అంది రాజ్యం.

"వదినా, నడవకపోయినా మీ దగ్గరే ఉంటుంది. చక్రాల బండి కడదాం. చాలామంది..."

"నేల మీద రక్తం తుడిచేది నేను. లే."

ఆవిడ కూర్చుని ఎడమచెయ్యి పెట్టింది, పేపరు చదివేటప్పుడు పెట్టినట్టే. తాండ్ర ఊపిరి వదిలింది. మెడ, భుజాలు, నడుం, తోక, అన్నీ వదిలేసింది. చాప మీద నీళ్ళు ఒలికినట్టు పరుచుకుంది.

శేఖరం మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "అక్కా, నా వల్ల కాదు."

నొక్కింది వకుళే.

పూసలు ఝుమ్మంటున్నంతసేపూ రాజ్యం చెయ్యి కదపలేదు. కదపకూడదని ఎవరూ చెప్పలేదు. "వంకాయలు తేవాలి," అంది మధ్యలో తాండ్రతో, ఇంట్లో రోజూ మాట్లాడే గొంతుతోనే. "పుచ్చులుంటున్నాయి ఈ మధ్య. చూసి తేవాలి." చప్పుడు ఆగింది. చెయ్యి అక్కడే ఉంది. తాండ్ర నడుం దాని కింద మెల్లగా గట్టిపడి వణకసాగింది.

"వదినా, తీసెయ్యండి," అంది వకుళ.

ఆవిడ తీసేసింది. తాండ్ర నాలుగు కాళ్ళ మీదా లేచి నిలబడింది.

*

మరిచిపోయి ఉంటే బాగుండేది. తాండ్ర రాజ్యాన్ని మరిచిపోలేదు. మరిచింది వీపే. దాని కళ్ళకీ, ముక్కుకీ ఆవిడ పాత రాజ్యమే. ఆవిడ గదిలోంచి బయటికి రాగానే నాలుగు కాళ్ళ మీద పరుగెత్తుకొచ్చి, ఒళ్ళంతా ఆవిడ పాదాలకి రుద్దబోయేది. తగిలీ తగలగానే కూలేది. లేచి, ఏం జరిగిందో తెలియక ఆవిడ మొహంలోకి చూసి, మళ్ళీ వచ్చేది. మళ్ళీ కూలేది. అలా పడ్డప్పుడల్లా సర్దిన ఎముక మీద దెబ్బ పడుతుందని వకుళ చెప్పక తప్పలేదు.

దాంతో రాజ్యం దాన్ని తరమడం మొదలుపెట్టింది.

"పో!" అనేది. "పో అవతలికి!" చెయ్యెత్తేది. అది ఆటనుకుని తోకాడించేది. ఒకసారి పేపరు చుట్టి నేలకేసి కొట్టింది. ఒకసారి చెంబెడు నీళ్ళు దాని మీద కుమ్మరించింది. ఆ రోజు తాండ్ర గోడ పక్కకి నక్కి, తడిసిన ఒళ్ళు విదిలించుకుని, వకుళ దగ్గరికి వెళ్ళి కాళ్ళ మధ్య దూరింది. అక్కణ్ణించి తొంగిచూసింది. ఆ తర్వాత రాజ్యం గదిలోంచి వస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళడం నేర్చుకుంది. చక్కగా, ఎక్కడా తూలకుండా నడిచి వెళ్ళేది.

వకుళకి తప్పించుకునే దారి లేకపోయింది. వదిలించుకోవడం కోసం సంపాదించిన ప్రేమ ఇప్పుడు నడిచొచ్చి ఒళ్ళో పడుకునేది. పడకగది తలుపేస్తే తలుపు గీరేది. కసిరితే మళ్ళీ వచ్చేది. బంధువులకిద్దామని శేఖరం అంటే రాజ్యమే వద్దంది. "ఉండనీ. కనబడుతుంది కదా."

చాప మళ్ళీ అటక ఎక్కలేదు. తాండ్ర వీధిలో నడవడం జనం చూశారు. శేఖరం వచ్చినవాళ్ళందరినీ కూచోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. చెప్తే వెళ్ళిపోతారనుకున్నాడు. వాళ్ళు కాసేపు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, "నడుస్తుంది కదండీ?" అనేవాళ్ళు. ఆ తర్వాత ఎవరి చెయ్యి పెట్టాలన్నది అక్కడే, బల్ల పక్కనే తగువులాడుకునేవాళ్ళు. కొన్ని ఇళ్ళవాళ్ళు పనివాళ్ళని వెంట తెచ్చుకునేవాళ్ళు. వకుళ ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న అడగడం మానేసింది. అడక్కుండానే ఎవరో ఒకరు చెయ్యి ముందుకి చాపేవాళ్ళు. ఆమె ఎముక సర్దేది, తన చేతులు తీసేది, మొహం కిటికీ వైపు తిప్పుకునేది.

ఒక సాయంత్రం ఆమె ఆసుపత్రి కట్టేసి వరండా మెట్ల మీద కూర్చుంది. తాండ్ర వచ్చి పక్కన పడుకుంది. వకుళ చెయ్యి దాని వీపు మీద వేసింది, ఏదో ఆలోచిస్తూ.

"అలా కాదు," అంది రాజ్యం.

ఆవిడ కుర్చీ వరండా ఆ చివర, గ్రిల్లుకి ఆనించి ఉంది. ఈ మధ్య అక్కడే కూర్చుంటోంది. తాండ్ర చెవులు రిక్కించింది గానీ లేవలేదు.

"ఏది వదినా?"

"నిమరడం. దుమ్ము దులుపుతున్నట్టు చేస్తున్నావు. మెడ దగ్గర మొదలుపెట్టు. వేళ్ళ చివర్లతో కాదు, వేళ్ళ మొదళ్ళు ఆనాలి."

వకుళ అలాగే చేసింది.

"నెమ్మదిగా. నడుం దగ్గరికొచ్చాక ఆగు. అక్కడొక గుంట ఉంటుంది, తగిలిందా?"

"తగిలింది."

"అక్కడ చెయ్యి ఊరికే ఉంచు. ఒత్తకు. అది ఊపిరి పీల్చుకుంటే నీ చెయ్యి లేవాలి, వదిలితే దిగాలి. ఊఁ, అలా."

తాండ్ర వెనక కాళ్ళు రెండూ బారజాపి కళ్ళు మూసుకుంది. రాజ్యం ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద, చెక్క మీద, పైకీ కిందికీ కదులుతోంది. వకుళ అటు చూసి, చూడనట్టు తల దించుకుంది.

"ఇప్పుడు తోక దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి రా. వెనక్కి వచ్చేటప్పుడు వెంట్రుకలకి ఎదురు రాకూడదు. చెయ్యెత్తి మెడ దగ్గర మళ్ళీ మొదలుపెట్టు."

"ఇలాగేనా వదినా?"

"అలాగే."

వకుళ మొదలుపెట్టింది. మెడ దగ్గర మొదళ్ళు ఆనించి, గుంట దగ్గర ఆగి, ఊపిరితోపాటు లేచి దిగి, తోక దాకా వెళ్ళి. మళ్ళీ ఒకసారి. ఎన్నో వెన్నుపూసలు తడిమిన చెయ్యి అది, తొందరగా పట్టేసింది. కాసేపటికి గ్రిల్లు వైపు నించి మాట రావడం లేదని గమనించి తలెత్తింది.

రాజ్యం కుర్చీ చేతి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. చూస్తోంది. సరిదిద్దడానికి ఏమీ దొరకడం లేదు.

"వచ్చేసిందిలే నీకు," అంది. లేచి, తాండ్రకి తగలకుండా గోడవారగా నడిచి, లోపలికి వెళ్ళిపోయింది.